రూపాయి ఉంగరం

ఉంగరం లేని పెళ్ళి మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎక్కడైనా చూశారా? నిశ్చయ తాంబూలాలనాడు తొడిగే ఉంగరం ఒకటి, అల్లుడికి మామగారు పెట్టేది ఇంకొకటి, బిందెలో నీళ్ళు పోసి అందులో వేసి కొత్త దంపతులచేత వెతికించేది మరొకటి. కాని ఈ ఉంగరాలన్నీ బంగారానివే సుమండీ! వెండి మాట వచ్చేసరికి మనవాళ్ళు దాన్ని కాళ్ళకు తోసేశారు. మట్టెలు వెండి, పట్టీలు వెండి, పూర్వపు ముత్తవ్వల కాళ్ళ కడియాలూ వెండే. బంగారం లక్ష్మీదేవి కనుక కాళ్ళకు పెట్టగూడదన్నారు, సరే. వెండి చేతికి ఎందుకు పనికిరాలేదో ఎవ్వరూ చెప్పరు. జాతకం చూపించుకుని ఏ రాయో పొదిగించుకున్నవారి వేలిని తప్పిస్తే వెండి ఉంగరం మన మధ్యతరగతి ఇళ్ళల్లో అరుదే.

నేనిప్పుడు చెప్పబోయేది వెండి ఉంగరం సంగతే. అదీ మామూలు వెండి ఉంగరం కాదు. పాత రూపాయిని కరిగించకుండా, ముక్కలు చేసి అతకకుండా, సుత్తితో మాత్రమే మలచి చేసే ఉంగరం. వేలు చుట్టూ నాణెం మీది అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. రూపాయి రూపాయిగానే ఉండి, ఉంగరం కూడా అయిపోతుంది. విన్నప్పుడు నేనూ నమ్మలేదు. తీరా కళ్ళారా చూశాక ఈ నాలుగు మాటలూ రాయాలనిపించింది.

ఏడిస్తే ఆరు

మాది శంషాబాదు. ఇప్పుడు ఆ పేరు చెబితే చాలు, "ఓహో, విమానాశ్రయం దగ్గరా?" అంటారు. 2008 మార్చిలో బేగంపేట విమానాశ్రయం మూతబడి, ప్రయాణికుల విమానాలన్నీ ఇక్కడికి వచ్చేశాయి. దాదాపు 5,500 ఎకరాల నేల అందులోకి పోయింది. అంతకు ముందు మా ఊరు బెంగుళూరు రోడ్డు మీద ఒక చిన్న బజారు. రైలు స్టేషనుకైతే ఊరి పేరు కూడా లేదు, ఉందానగర్ అంటారు. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు, తండాలవాళ్ళు ఉప్పుకీ పప్పుకీ ఇక్కడికే వచ్చేవారు.

మా అత్తగారు ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు పుట్టింటివారు ఆవిడ కొంగున పదకొండు వెండి రూపాయలు ముడివేసి పంపారు. అవి మన భారత ప్రభుత్వపు రూపాయలు కావు, నిజాము రూపాయలు. వాటికే హాలీ సిక్కా అని పేరు. ఇంగ్లీషువాళ్ళ రూపాయిని మావైపు కల్దారు అనేవాళ్ళు. 'కల్' అంటే యంత్రం, యంత్రం మీద అచ్చువేసిన రూపాయి అని అర్థం. రెండిటికీ మారకం ఒకటి కాదు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు వచ్చేవి.

హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిశాక కూడా ఈ రెండు రూపాయలూ కొన్నేళ్ళు పక్కపక్కనే చెలామణీ అయ్యాయి. 1950లో మన రూపాయి ఇక్కడ అమలులోకి వచ్చింది. 1959లో హాలీ సిక్కా చెలామణీ పూర్తిగా రద్దయింది. ఊరంతా పరుగులెత్తి మార్చుకున్నారట. మా అత్తగారు మాత్రం కదలలేదు. "ఏడిస్తే ఆరిస్తారట! ఎందుకియ్యాలె? నా అవ్వ కట్టిన ముడి నేనిప్పను" అని కూర్చున్నారట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఆవిడే నవ్వేవారు.

అలాగని ఆవిడ ఆ రూపాయలకు దణ్ణం పెట్టుకుంటూ కూర్చోలేదు. పదకొండులో నాలుగు ఇంటి అవసరాలకు వెండి ధరకు అమ్మేశారు. వానలు పడని ఏడు గింజలకు రెండు, ఆడబిడ్డ పురుటికి ఒకటి, మావారు పట్నంలో కాలేజీలో చేరినప్పుడు ఫీజుకు ఒకటి. మిగిలిన ఏడూ ఒక గుడ్డసంచీలో ఉండేవి. దీపావళినాడు తీసి, పాలతో కడిగి, లక్ష్మీపూజలో పెట్టి, మళ్ళీ సంచీలో వేసేవారు. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. సంచీ నా చేతికి వచ్చింది.

చార్మినారు గుమ్మంలో ఒక అక్షరం

ఆ రూపాయిని ఎప్పుడైనా పరకాయించి చూశారా? చూడదగ్గదే. ఒక వైపు నడిమధ్యన చార్మినారు. చుట్టూ 'నిజాముల్‌ముల్క్ ఆసఫ్‌జా బహాదూర్' అని పారసీ లిపిలో బిరుదులు. రెండోవైపు నడుమ 'ఏక్ రూపియా'. చుట్టూ ఉన్న మాటల్లో 'ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్' అని ఊరి పేరు. శుభమైన పునాది గల హైదరాబాదు అని దాని భావం.

చార్మినారు బొమ్మ గుమ్మంలో ఒక చిన్న అక్షరం ఉంటుంది. 'మీము' ఉంటే ఆ నాణెం ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కాలంది. 'ఐను' ఉంటే ఏడవ నిజాము ఉస్మాన్ అలీ ఖాన్ కాలంది. మహబూబ్ అలీ ఖాన్ 1911లో కాలం చేశారు కనుక, మీము ఉన్న రూపాయి ఏదైనా సరే నూరేళ్ళు దాటినదే అన్నమాట.

సంవత్సరం హిజ్రీ లెక్కలో ఉంటుంది. దాన్ని మన లెక్కకు మార్చుకోవడం పిల్లలు కూడా చేయగల పని. హిజ్రీ సంవత్సరాన్ని 33తో భాగించి, వచ్చినదాన్ని అందులోంచి తీసేసి, 622 కలపాలి. మా సంచీలో ఒకదాని మీద 1362 ఉంది. 33తో భాగిస్తే 41, తీసేస్తే 1321, 622 కలిపితే 1943. ఒక ఏడాది అటూ ఇటూ కావచ్చు, అంతే.

ఇవి హైదరాబాదు టంకసాలలో తయారయ్యాయి. 1803లో సికందర్ జా కాలంలో సుల్తాన్‌షాహీలో మొదలైన ఆ టంకసాల 1903లో సైఫాబాదుకు మారింది. 1950లో భారత ప్రభుత్వం తీసుకుంది; 1997లో చర్లపల్లికి తరలించింది. సైఫాబాదు పాత భవనంలో 2022లో నాణేల ప్రదర్శనశాల తెరిచారు. సెలవుల్లో పిల్లలను తీసుకువెళ్ళి చూపించదగిన చోటు.

ఇక తూకం. కల్దారు రూపాయి సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు. కొట్లలో తూనికరాళ్ళు లేకపోతే రూపాయలే వేసి తూచేవారు. (ఇప్పుడు అంగళ్ళలో తులమంటే 10 గ్రాములనుకుంటున్నారు, అది వేరే సంగతి.) దానిలో నూటికి దాదాపు 92 పాళ్ళు వెండి. హాలీ రూపాయి కొంచెం తేలిక, 11.18 గ్రాములు, అందులో వెండి నూటికి 82 పాళ్ళు. మిగతాది రాగి. ఏడిస్తే ఆరెందుకిచ్చేవారో ఇక్కడే కొంత తెలిసిపోతుంది.

అవుసలాయన మాట

కృష్ణా, గోదావరులవైపు కంసాలి అంటారు. మావైపు అవుసలాయన అంటాం. మా బజారులో ఇంకా కుంపటి ఆరనివ్వని ఆచారిగారు ఒకరున్నారు. అరుగు మీద నాలుగడుగుల చోటు. ఒక దాగలి, రెండు మూడు సుత్తులు, శ్రావణం, పట్టకారు, ఆకురాళ్ళు, తీగెలు తీసే కమ్మచ్చు, వెదురు బుట్టలో బొగ్గులు, గాజుపెట్టెలో త్రాసు. గురిగింజలు కూడా ఉన్నాయి, తూయడానికి కాదు, జ్ఞాపకానికి. తులానికి 96 గురిగింజలని వాళ్ళ నాన్నగారు నేర్పిన లెక్కట.

ఒకప్పుడు ఆయనకు పని సగం తండాలనుంచే వచ్చేది. లంబాడీ స్త్రీలు రవికెకూ, జడకూ, మెడకూ నాణేలు కుట్టుకునేవారు కదా! పావలాలకూ, అర్ధరూపాయలకూ కొక్కేలు అతికించడం, బిళ్ళ పైకి వచ్చేటట్టు ఉంగరాలు చేయడం వాళ్ళ నాన్నగారి నాటి పని. ఇప్పుడు తండాల్లో కూడా అసలు నాణేల బదులు జర్మనుసిల్వరు బిళ్ళలు వచ్చేశాయి. జర్మనుసిల్వరులో సిల్వరు పేరుకే కాని, వెండి ఒక్క రవ్వ కూడా ఉండదని తెలుసా? రాగి, నికెలు, జింకు కలిపి చేస్తారు దాన్ని. ఇక నగలంటే జనం పెద్ద పెద్ద అద్దాల దుకాణాలకు పోతున్నారు. ఆచారిగారి అబ్బాయి విమానాశ్రయం దగ్గర టాక్సీ నడుపుతున్నాడు. "నెల తిరిగేసరికి పైసలు చేతికొస్తయమ్మా. కుంపటి ముంగట కూసో అని నేనెట్ల అంటా?" అన్నారాయన. అందులో కోపం లేదు, దిగులుందేమో తెలియదు. మాట అంటూనే సుత్తి ఆపలేదు.

ఇక్కడికి నేను వెళ్ళిన కారణం మా మనవరాలు. కూతురి కూతురు. పై చదువుకు అమెరికా ప్రయాణం పెట్టుకుంది. సూట్‌కేసుల తూకాలు చూసుకుంటూ చూసుకుంటూ, "అమ్మమ్మా! తాతమ్మ రూపాయి ఒకటి నాకిస్తావా?" అంది. ఇవ్వడానికేం? కాని తనకది పెట్టెలో పెట్టుకోవడానికి కాదట, వేలికి పెట్టుకోవడానికట. నాణేన్ని ఉంగరంగా మలిచే పని ఎక్కడో చూసిందట. "మన ఊళ్ళో చేసేవాళ్ళు లేరా?" అని అడిగింది.

ఏడు రూపాయలూ ఆచారిగారి ముందు పోశాను. ఆయన ఒక్కొక్కటీ ఎత్తి, వెలుతురుకు పట్టి, గోటితో అంచు తడిమి, రెండిటిని పక్కకు జరిపారు. "ఈ రెంటి మీద మీమున్నది. ఇవి ముట్టద్దమ్మా. తక్కిన అయిదింట్ల ఏదైనా ఫరవాలేదు" అన్నారు. తరువాత అసలు చిక్కు చెప్పారు: "ఉంగరం చేయాలంటే నడుమ బెజ్జం పడాలె. నడుమనేమో చార్మినారున్నది."

కోయడమా, మానడమా?

ఇంటికి వచ్చేసరికి ఈ మాట మీద పెద్ద సభ జరిగింది. మావారు ససేమిరా అన్నారు. "నాణేన్ని కోస్తే నాణెం పోయింది. రేపు ఉంగరం ఎక్కడైనా జారిపోతే రెండూ పోయాయి. మా అమ్మ కల్దార్లకే మార్చని రూపాయిని మీరు రంపం పెట్టి కోస్తారా?" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. మా అమ్మాయి, "సంచీలో ఉన్నదాన్ని ఎవరు చూస్తారు నాన్నా? ఏడాదికొకసారి పాలతో కడగడమే కదా!" అంది. ఇద్దరిదీ న్యాయమే. పాతవస్తువును పదిలంగా ఉంచడం ఒక మర్యాద. దాన్ని వాడుకోవడం ఇంకొక మర్యాద. ఒకటి చేస్తే రెండోది కాదు. బెజ్జం పడిన నాణెం మళ్ళీ పూడదు కదా!

నేను ఒకటే అడిగాను: "అత్తయ్య మీ కాలేజీ ఫీజుకు రూపాయి అమ్మినప్పుడు, ముడి విప్పుతున్నానని ఏడ్చారా?" ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "చార్మినారు మాత్రం ఇల్లు దాటడానికి వీల్లేదు" అన్నారు. ఆ ఒక్క మాటతో దారి దొరికింది. నడుమ బిళ్ళను పొడి చేయకుండా గుండ్రంగా కోసి తీస్తే చార్మినారు మా ఇంట్లో ఉంటుంది. చుట్టూ ఉన్న అక్షరాలు పిల్లతో వెళతాయి.

ఇక్కడ చట్టం సంగతి కూడా చెప్పాలి, చాలామందికి తెలియదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. తాతమ్మదే కావచ్చు, మన ఇంటి ముడుపే కావచ్చు, పెట్టెలో వేసుకుని విమానం ఎక్కితే నేరమే. అనుమానం ఉంటే భారత పురావస్తు శాఖవారు వస్తువును చూసి, అది పురావస్తువు కాదని ధ్రువపత్రం ఇస్తారు. అందుకే మీము రూపాయలను ఆచారిగారు పక్కకు జరపడం అన్నివిధాలా మంచిదయింది. మేము 1362 హిజ్రీ రూపాయిని ఎంచుకున్నాం. ఇప్పుడు చెలామణీలో ఉన్న నాణేలను మాత్రం కరిగించడం గాని, పాడుచేయడం గాని 2011 నాణేల చట్టం ప్రకారం నేరం. రద్దయిపోయిన పాత నాణేలకు ఆ బాధ లేదు.

సుత్తి మాట వినే వెండి

పని ఒక ఉదయం మొదలుపెట్టి మధ్యాహ్నానికి పూర్తిచేశారు. నేను పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను.

మొదట వృత్తలేఖినితో నడుమ గీత గీశారు, మినార్ల కొసలు గీతకు తగిలీ తగలకుండా. గీత మీద సూదంత బెజ్జం వేసి, అందులోంచి వెంట్రుకలాంటి రంపం దూర్చి, గుండ్రంగా కోశారు. 30 మిల్లీమీటర్ల రూపాయిలోంచి 14 మిల్లీమీటర్ల బిళ్ళ ఊడి వచ్చింది. చేతిలో ఇప్పుడు రెండు: చార్మినారున్న చిన్న బిళ్ళ, నడుమ ఖాళీ ఉన్న చక్రం. రాలిన పొడిని కాగితం మీద పట్టి, పొట్లం కట్టి నా పక్కన పెట్టారు.

తరువాత ఆ చక్రాన్ని కుంపటిలో కాచారు. ఊదుగొట్టంతో ఊదుతూ రంగు చూస్తున్నారు. వెండి పనిలో రంగే గడియారం. పొద్దుగూకే వేళ ఆకాశంలో కనిపించే మసక ఎరుపు రాగానే తీసి నీళ్ళలో ముంచాలి. స్వచ్ఛమైన వెండి 961 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రాగి కలిసిన ఈ నాణెం 779 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. కావలసిన వేడి 600, 650 మధ్య. ఎరుపు కాస్త నారింజలోకి తిరిగిందా, తాతమ్మ రూపాయి ముద్దయిపోయినట్టే!

ఎందుకు కాచాలి? సుత్తి దెబ్బ తిన్నకొద్దీ లోహం బిగుసుకుంటుంది. లోపలి కణాలన్నీ నలిగి, ఒకదానికొకటి అడ్డం పడి, ఇక జరగనని మొరాయిస్తాయి. అప్పుడు కాచితే కొత్త కణాలు ఏర్పడి మళ్ళీ మెత్తబడుతుంది. కాచకుండా కొడితే పగులుతుంది. "కల్దారు సుత్తి మాట ఇంటది. హాలీల రాగి ఎక్కువ, జర మొండిది. ఆగమాగం చేయకుంటె అదీ ఇంటది" అన్నారు ఆచారిగారు.

కాచిన చక్రం నల్లబడింది. పైనున్న రాగి గాలితో కలిసి వేసిన మసి అది. చింతపండు నీళ్ళలో వేసి ఉడికిస్తే పోయింది. అప్పుడు కొసకు సన్నబడే ఇనుపకడ్డీకి చక్రాన్ని తొడిగి, కొయ్యసుత్తితో చుట్టూ తిప్పుతూ కొట్టడం మొదలుపెట్టారు. ఇనుపసుత్తి అయితే అక్షరాలు చదునైపోతాయి. కొడుతూ ఉంటే పళ్ళెంలాంటి చక్రం గిన్నెలా వంగింది, గిన్నె గరాటులా అయింది. నడుమ ఖాళీ సాగుతోంది, బయటి అంచు ముడుచుకుంటోంది. లెక్క చూడండి: ఖాళీ చుట్టుకొలత మొదట 44 మిల్లీమీటర్లు, ఉంగరమయ్యేసరికి 53 కావాలి, అంచు చుట్టుకొలత మొదట 94, అది 60 దగ్గరకు రావాలి. ఒకే లోహం ఒక వైపు సాగి, ఇంకో వైపు కుంచించుకుపోవాలి. అందుకే తొందర పనికిరాదు.

సుత్తి చప్పుడు మారుతుంది. మెత్తగా ఉన్నప్పుడు 'డబ్ డబ్' అని, బిగిసినప్పుడు 'టంగ్ టంగ్' అని. టంగ్ అన్నప్పుడల్లా మళ్ళీ కుంపటి, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ చింతపండు. అయిదుసార్లు కాచారు. మూడోసారి లోపలి అంచున గీతలాగా ఏదో కనిపించి నా ప్రాణం గుటుక్కుమంది. ఆయన భూతద్దం పెట్టి చూసి, అది పగులు కాదు, రంపం గాటు అని ఆకురాయితో నున్నగా చేశారు. తరువాత గరాటును తిరగేసి రెండో వైపునుంచి కొట్టి, రెండంచులూ సమం చేశారు.

మధ్యలో ఒక ప్రశ్న వచ్చింది. వంచేటప్పుడు ఒక ముఖం బయటికి వస్తుంది, ఒక ముఖం లోపలికి పోతుంది. ఏది బయటికి రావాలి? నిజాము బిరుదులా, ఊరి పేరా? మనవరాలు తడుముకోలేదు. "ఊరి పేరు తాతా!" అంది. బిరుదులు లోపలికి వెళ్ళాయి, వేలి చర్మానికి తగిలేటట్టు. బయట మాత్రం 'ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్'.

అక్షరాల సందుల్లో నలుపు అలాగే వదిలేసి, పైన మాత్రం మెరుగుపెట్టారు. అలా చేస్తేనే అక్షరం కనిపిస్తుంది. తూచి చూస్తే ఉంగరం దాదాపు ఎనిమిదిన్నర గ్రాములు, చార్మినారు బిళ్ళ రెండు గ్రాముల పైచిలుకు. బిళ్ళకు వెండితీగ చుట్టి, వెలిగారం అద్ది, ఒక చిన్న కొలికి టంకం వేసి ఇచ్చారు. అదిప్పుడు పూజగదిలో ఉంది. సంచీలో చూస్తే రూపాయలు ఆరు. ఏడిస్తే ఆరే మిగిలాయని మావారు అంటే అందరం నవ్వుకున్నాం.

చెంచా దెబ్బల ఉంగరాలు

ఈ విద్య మన ఒక్కరిదే అనుకోకండి. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో రోజుల తరబడి కూర్చున్న సిపాయిలు ఫిరంగిగుండ్ల అల్యూమినియం ముక్కలతోనూ, జేబులోని నాణేలతోనూ ఉంగరాలు చేసుకుని ఇంటికి పంపుకునేవారు. అమెరికా నావికులు వెండి పావుడాలరును అంచుమీద నిలబెట్టి, భోజనం చెంచా వెనుకవైపుతో గంటలకొద్దీ కొట్టేవారు. కొట్టగా కొట్టగా అంచు వెడల్పై, చుట్టుకొలత తగ్గి, అక్షరాలు లోపలికి మళ్ళేవి. అప్పుడు నడుమ తొలిచేస్తే ఉంగరం! నిప్పు లేదు, కుంపటి లేదు, ఓపిక ఒక్కటే సరంజామా. 1964 వరకూ అమెరికా పావుడాలరులో నూటికి 90 పాళ్ళు వెండి ఉండేది కనుక అది సాగింది.

మన రూపాయికీ అమెరికా డాలరుకీ ఇంకొక చుట్టరికం కూడా ఉంది. 1918లో మన దేశంలో వెండి కరువు వచ్చింది. కాగితం నోట్లకు వెండి రూపాయలిమ్మని జనం ఎగబడ్డారు. అప్పుడు పిట్‌మన్ చట్టం కింద అమెరికావాళ్ళు దాదాపు 26 కోట్ల వెండి డాలర్లు కరిగించి, ఆ వెండిని మన దేశపు అవసరానికి ఇంగ్లీషువారికి అమ్మారు. ఆ వెండి ఇక్కడ రూపాయలైంది. మీ ఇంట్లో ఉన్న 1918, 1919 నాటి కల్దారు ఒకప్పుడు డాలరై ఉండవచ్చు!

మీ ఇంట్లోనూ ఉంటే

చదివి వెంటనే రూపాయి పట్టుకుని పరుగెత్తకండి. నాలుగు సంగతులు చూసుకోండి.

మొదటిది సంవత్సరం. కొన్ని నాణేలు వెండికంటె ఎన్నోరెట్లు విలువైనవి. 1911 నాటి అయిదవ జార్జి రూపాయిమీద రాజుగారి అంగీపైనున్న ఏనుగు బొమ్మ తొండం పొట్టిదై పందిలా కనిపించిందని పెద్ద గొడవ జరిగి, 1912లో అచ్చు మార్చారు. ఆ పంది రూపాయి కోసం నాణేల సేకరణవారు వెతుకుతుంటారు. 1939 నాటి ఆరవ జార్జి రూపాయి మరీ అరుదు. ఇలాంటివి కోయడం నగ కోసం ఇల్లమ్ముకోవడమే.

రెండోది లోహం. 1940 నుంచి 1945 వరకూ వచ్చిన కల్దారు రూపాయిలో వెండి సగమే. తక్కినది 40 పాళ్ళు రాగి, అయిదేసి పాళ్ళు నికెలు, జింకు. నికెలు పడనివారికి వేలు దురదపెడుతుంది. 1947 రూపాయి పూర్తిగా నికెలే. దొంగ నాణేలూ బజారులో కొల్లలు; తూకం, మోత, గీటురాయి మూడూ చూపించుకోండి.

మూడోది కొలత. రూపాయి మగవారి వేలికో, వెడల్పు ఉంగరం ఇష్టపడే ఆడపిల్లలకో సరిపోతుంది. నాజూకుగా కావాలంటే అర్ధరూపాయి మేలు. పావలాతో ఉంగరం కాదు. దాన్ని ఉంగరం మీద బిళ్ళగా పెట్టించుకోవచ్చు. నాణెం కోయడం ఇష్టం లేనివారికి కూడా ఇదే మార్గం.

నాలుగోది, పొలంలోనో పునాదిలోనో దొరికిన లంకెబిందె నాణేలయితే అసలు ముట్టుకోకండి. పది రూపాయల విలువ దాటిన నిక్షేపం దొరికితే కలెక్టరుగారికి తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది.

ఉంగరం వేసుకున్నాక నల్లబడిందని దిగులు పడనక్కరలేదు. గాలిలోని గంధకపు ఆవిరి తగిలి వెండి నల్లబడుతుంది. కోడిగుడ్డు తిన్న వెండి చెంచా నల్లబడేదీ అందుకే. కుంకుడురసంతో కడిగి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. చింతపండు రోజూ పెట్టి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి.

ఇంకొక్క మాట. మా మనవరాలు వెళ్ళేముందు ఆ ఉంగరానికి ఒక చీటీ రాయించుకుంది. ఎవరి రూపాయి, ఏ పెళ్ళిలో వచ్చింది, పదకొండులో నాలుగు ఎందుకు ఖర్చయ్యాయి, ఎవరు చేశారు, అన్నీ వరుసగా వాళ్ళ తాతయ్యే దస్తూరీతో రాసిచ్చారు. మీరు రూపాయిని ఉంగరం చేయించినా సరే, సంచీలోనే ఉంచినా సరే, ఈ పని మాత్రం ఇవాళే చేయండి. నాణెం మీద రాజు పేరుంటుంది, ఊరి పేరుంటుంది, సంవత్సరం ఉంటుంది. దాన్ని దాచిన ఇల్లాలి పేరు మాత్రం మనం రాస్తేనే ఉంటుంది.